తిరుగుడు సామాను

ఏటా మార్చి నెలాఖరున ఒక్కరోజు సారిక ఉద్యోగం పోయేది. మర్నాడు మళ్లీ వచ్చేది. కాంట్రాక్టు మనిషిని తెంపు లేకుండా ఏళ్ల తరబడి ఉంచితే పర్మనెంటు చెయ్యమని కోర్టుకెక్కుతారని, మధ్యలో ఒక్కరోజు తెగ్గొడితే ఆ బాధ ఉండదని ఎవరో మహానుభావుడు ఎప్పుడో కనిపెట్టాడు. ఆ ఒక్కరోజూ ఆమె ఇంట్లో కూర్చోవాలి. కూర్చునేది కాదు. కూర్చుంటే పని ఆగిపోతుంది గనక ఆ రోజూ ఆసుపత్రికి వెళ్లేది, అన్నీ చేసేది, సంతకం మాత్రం పెట్టేది కాదు.

కొవ్వూరు నుంచి తణుకు పోయే దారిలో, పెద్ద కాలవ పక్కనుంది ఆ ప్రభుత్వాసుపత్రి. ఊరి పేరు చెప్పను. చెబితే ఆ ఊరివాళ్లు నొచ్చుకుంటారు, చుట్టుపక్కలవాళ్లు "మాదీ అంతేగా, మా పేరెందుకు రాయలేదు" అని అలుగుతారు. సారిక అక్కడ పేరుకి డేటా ఎంట్రీ ఆపరేటరు. పేరుకే. రోగుల వివరాలు కంప్యూటర్‌కెక్కించడం ఆమె పనుల్లో చిన్నది. జిల్లా నుంచి ఇన్‌స్పెక్షన్ వస్తోందంటే ఆసుపత్రిని పెళ్లికూతురిలా ముస్తాబు చేయించడం పెద్దది. ఆ విద్యలో ఆమెను మించినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు.

ఆ ముస్తాబు సంగతి కొంచెం చెప్పాలి. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లు చూసేవి కొన్ని ఉంటాయి. వరండాలో మంటలార్పే ఎర్ర సిలిండర్లు, చెత్త వేరుచేసే పసుపు, ఎరుపు, నీలం డబ్బాలు, చక్రాలు తిరిగే వీల్‌చెయిర్, కాన్పుల గదికి ఉతికిన కర్టెన్లు. ఇవన్నీ ప్రతి ఆసుపత్రిలోనూ ఉండాలి. ప్రతి ఆసుపత్రిలోనూ కొన్నే ఉంటాయి. అందుకని పెళ్లిళ్లకి చర్చి గుండిగలు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి తిరిగినట్టు, ఇవీ ఇన్‌స్పెక్షన్ ఎక్కడుంటే అక్కడికి తిరుగుతాయి. ఇవాళ ఇక్కడ మొహం చూపించి, సాయంత్రానికి సొంతూరు చేరతాయి. వాటికి తిరుగుడు సామాను అని పేరు. ఆ పేరు పెట్టింది హెడ్ నర్సు సువార్తమ్మ.

సువార్తమ్మకు రిటైర్మెంటు దగ్గరపడింది. బరువైన మనిషి, మోకాళ్ల నొప్పులు, నోరు పెద్దది. ఆ గొంతుకి భయపడి నొప్పులు పడుతున్న ఆడవాళ్లు అరవడం మానేస్తారని చెప్పుకుంటారు. సారిక ఆ ఆసుపత్రిలో చేరిన మొదటిరోజు మధ్యాహ్నం, కేరేజీ తెచ్చుకోవాలని తెలియక ఖాళీగా కూర్చుంటే, సువార్తమ్మ తన కేరేజీ మూత బోర్లించి, అందులో సగం అన్నం, సగం కూరా పెట్టి ముందుకు తోసింది. "తినవే అమ్మాయ్, మొహం చూడు ఎలా ఉందో" అంది. ఆ మర్నాటి నుంచి సారిక కేరేజీ తెచ్చుకుంటూనే ఉంది. అయినా ఆ మూతలో సగం రావడం ఆగలేదు. చింతచిగురు రొయ్యలు వండిన రోజున సగం కంటే ఎక్కువే వచ్చేది.

సారిక భర్త డేనియల్ తణుకులో ఓ ప్రైవేటు స్కూల్లో లెక్కల మాస్టారు. ఆ నోటిఫికేషన్ ముందు చూసింది అతనే. జిల్లా ఆరోగ్యశాఖలో కంప్లయన్స్ ఆఫీసర్ పోస్టు ఒకటి, స్కేలుంది, పర్మనెంటు. ప్రభుత్వాసుపత్రులు నిబంధనల ప్రకారం నడుస్తున్నాయో లేదో తిరిగి చూసి రాయడం పని. సారిక దూరవిద్యలో ఎప్పుడో చదివిన హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ డిగ్రీ సరిగ్గా దానికి సరిపోతుంది. వయసు పరిమితి కూడా సరిపోతుంది, కాకపోతే ఈ ఒక్క ఏడాదే.

"నేను పెట్టనండీ. ఎన్నిసార్లు పెట్టాను? హాల్ టిక్కెట్లు దాచుకుంటే ఓ పుస్తకం అయ్యేది" అంది సారిక.

"ఇదే ఆఖరుసారి. ఇది పోతే నేను మళ్లీ అడగను" అన్నాడు డేనియల్.

ఆఖరుసారి అన్నమాటకే ఆమె ఒప్పుకుంది. ఆశతో కాదు. ఇంకెప్పుడూ దరఖాస్తు పెట్టక్కర్లేదన్న సుఖం కోసం. అలసిపోయినవాళ్లకు కొన్ని ప్రయత్నాలు ముగించడమే ముఖ్యం, ఫలితం కాదు. కానీ రాత పరీక్ష దగ్గరపడేకొద్దీ, మార్చి నెలాఖరు లేని బతుకు ఎలా ఉంటుందో ఊహించుకోవడం మొదలుపెట్టింది. ఊహించుకున్నాక వెనక్కి రాలేకపోయింది. ఈ ఉద్యోగం తనకు కావాలి. సిగ్గు విడిచి చెప్పాలంటే, పెళ్లినాడు తను డేనియల్ని కోరుకున్నదాని కంటే ఎక్కువగా కావాలి.

సువార్తమ్మకు చెబితే ఆసుపత్రంతా తెలిసిపోయింది. ఆదివారం చర్చిలో ప్రార్థన కూడా చేయించింది. "మన సారిక ఆఫీసరయ్యేటట్టు చూడు ప్రభువా" అని పాస్టరుగారి చేత పైకే అనిపించేసరికి, సారిక కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

పరీక్ష రాజమండ్రిలో. పొద్దున్న రాత పరీక్ష, అందులో నెగ్గినవాళ్లకు అదే రోజు మధ్యాహ్నం ఇంకో పరీక్ష అన్నారు. అది ఏమిటో చెప్పలేదు. రాత పరీక్షలో సారిక నెగ్గింది. అప్పుడు శశిభూషణ్ గారని ఒక డాక్టరు, పరీక్ష నడిపే కమిటీలో పెద్ద, వచ్చి చెప్పారు. ఒక ఆసుపత్రికి చెప్పకుండా వెళ్తున్నాం, అక్కడ ఏది నిబంధన ప్రకారం లేదో చూసి ఎవరికి వారు రాయాలి, సిబ్బందితో మాట్లాడకూడదు, అని. ఏ ఆసుపత్రి అన్నది వ్యాను ఎక్కాకగానీ చెప్పలేదు. వ్యాను గోదావరి మీద సగం దాటాక చెప్పారు.

సారిక చెయ్యెత్తింది. "సార్, అది నేను పనిచేసే ఆసుపత్రండి."

శశిభూషణ్ గారు ఆమెను ఓసారి చూశారు. చిరాకు పడలేదు, నవ్వలేదు. "మంచిదేనమ్మా. ఎప్పుడూ చూసేదే, ఇవాళ కొత్తగా చూడండి" అన్నారు.

పక్కన కూర్చున్న వర్షిణి అనే అమ్మాయి, రాజమండ్రిలో ఎంబీయే చదివిందట, "మీకు అడ్వాంటేజ్ కదక్కా" అంది. నిజమే. సారిక లోపల ఎక్కడో చిన్న సంతోషం కదిలింది. ఆ ఆసుపత్రిలో ఏది లేదో తనకు తెలిసినట్టు దేవుడికి కూడా తెలియదు. వరండా గోడకు సిలిండర్లు లేవు, మేకులున్నాయి. మూడు రంగుల చెత్తా ఒకే డబ్బాలో పడుతుంది. కాన్పుల గది వెనక తలుపుకి, మంటలు లేస్తే బయటపడాల్సిన తలుపుకి, పొద్దస్తమానం తాళమే. కాలవగట్టు మీది కుక్కలు లోపలికొస్తున్నాయని సువార్తమ్మ వేయించింది. ఇవన్నీ అక్కడికెళ్లాక కళ్లెదురుగానే ఉంటాయి, ఎవరైనా రాస్తారు, తానూ రాస్తుంది. పట్టించినదాన్ని అవ్వను అనుకుంది.

కొవ్వూరులో టీకి ఆపారు. డ్రైవరు తాతాజీ ఆమెకు పాత పరిచయం. జిల్లా ఆఫీసుకి అద్దె బండ్లు నడుపుతాడు, తీరికున్నప్పుడు తిరుగుడు సామాను మోసేదీ అతనే. టీ గ్లాసు చేతికిస్తూ గొంతు తగ్గించాడు.

"మీరేం కంగారు పడకండి మేడమ్ గారూ. పొద్దున్నే రూటు చెప్పారండి నాకు. చెప్పగానే సువార్తమ్మగారికి ఫోన్ కొట్టేశానండి. మా తమ్ముడి ఆటోలో సామానంతా దింపేశారంట. ఆయ్!"

సారిక టీ గ్లాసు అందుకుంది. తాతాజీ మెచ్చుకోలు కోసం చూస్తున్నాడు. "మంచిపని చేశావు" అనలేక, "ఎందుకు చేశావు" అనలేక, ఆమె తల ఊపింది.

ఆసుపత్రి మెరిసిపోతోంది. గుమ్మం ముందు ముగ్గు ఒక్కటే తక్కువ. వరండాలో వరసగా ఎర్ర సిలిండర్లు. వార్డువార్డుకీ మూడు రంగుల డబ్బాలు. కాన్పుల గదికి నీలం కర్టెన్లు, మడతల గీతలు ఇంకా పోలేదు. వెనక తలుపు తాళం తీసి, బార్లా తెరిచి, ఇటుక అడ్డంపెట్టారు. ఇన్నేళ్లలో సారిక స్వయంగా చేయించిన ఏ ముస్తాబూ ఇంత బాగా కుదరలేదు. శిష్యులు గురువును మించిపోయారు.

సువార్తమ్మ ఇస్త్రీ చేసిన తెల్లచీరలో గుమ్మం దగ్గర నిలబడి ఉంది. అందరికీ వంగి దణ్ణం పెట్టింది. సారిక దగ్గరికి వచ్చేసరికి, ఎవరూ చూడకుండా, చెయ్యి పట్టుకుని నొక్కింది.

"ఆసుపత్రి ఎలా ఉందో చూసి మార్కులేస్తారంట కదే. మనది బాలేదంటే నీకు తగ్గిపోవూ? అందుకే అందరం కిందామీదా పడి సర్దేశాం. ఎవడికీ వేలెట్టి చూపించడానికి లేదు. ధైర్యంగా ఉండు."

సిబ్బందితో మాట్లాడకూడదు. మాట్లాడొచ్చన్నా ఏం చెబుతుంది? ఇది తప్పులు పట్టే పరీక్షక్కా, తప్పులన్నీ మీరు దాచేశారు అనా? ఆ మొహం చూసి అనగలిగినవాడు మనిషి కాడు. సారిక చెయ్యి మెల్లిగా విడిపించుకుని లోపలికి వెళ్లింది.

మిగతా అభ్యర్థులు తిరుగుతున్నారు. ఫ్యాను రెక్క మీద దుమ్ము ఒకరు రాశారు. గోడ మీద పాత పోస్టరు ఇంకొకరు రాశారు. వర్షిణి ఏమీ దొరక్క, "నిజంగా మీ హాస్పిటల్ చాలా బాగుందక్కా" అంది మనస్ఫూర్తిగా. సారిక కాగితం ఖాళీగానే ఉంది. చూసింది చూసినట్టు రాస్తే ఖాళీ కాగితమే ఇవ్వాలి. ఆఖరి దరఖాస్తు అలా ముగుస్తుంది. తెలిసింది రాస్తే, ఈ సర్దుబాటంతా ఎవరి పేరు మీద పడుతుందో తెలుసు. వార్డుల బాధ్యత హెడ్ నర్సుది.

వరండాలో సిలిండర్ల దగ్గర ఆగింది. అన్నీ వెనక్కి తిప్పి పెట్టి ఉన్నాయి. అలా తిప్పి పెట్టమని ఒకప్పుడు నేర్పింది తనే. ముందువైపు తెల్లరంగుతో పక్క మండలం ఆసుపత్రి పేరు రాసి ఉంటుంది. ఎరువు సొమ్ము బరువు చేటు అంటారు, కానీ ఎరువిచ్చినవాళ్లకే ఎక్కువ చేటని ఆమెకు ఆ పూట తట్టింది. ఆ సిలిండర్లు అక్కడ ఏ గదివో ఆమెకు తెలుసు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని వెచ్చగా పెట్టే గదివి. గదినిండా కరెంటు తీగలు, ఎప్పుడూ వేడిగా ఉండే దీపాలు, వాటి కింద పిడికెడేసి పిల్లలు. ఈ మధ్యాహ్నం ఆ గోడకి ఏమీ లేదు. అక్కడి తల్లులకు ఆ సంగతి తెలియదు.

ఇది ఇవాళ కొత్తగా తెలిసిన విషయం కాదు. ప్రతిసారీ తెలుసు. ప్రతిసారీ తాతాజీని పంపించి తెప్పించింది, సాయంత్రం పంపించేయమంది, ఈ కాస్తసేపట్లో ఏమవుతుందిలే అనుకుంది. ఏమీ అవ్వలేదు కూడా. కానీ ఇంతకాలం ఆమె సర్దేమనిషి. చేతిలో కలం, ముందు కాగితం, ఏది సరిగ్గా లేదో రాయమనే ప్రశ్న ఎప్పుడూ లేవు. ఇప్పుడు ఉన్నాయి. ఉద్యోగం కోసం రాస్తున్నానా, ఆ పిల్లల కోసం రాస్తున్నానా అని తనను తాను అడుక్కుంది. రెండూ అనే జవాబు వచ్చింది. ఆ జవాబు ఆమెకు నచ్చలేదు. అయినా రాసింది.

మొదలుపెట్టాక అంతా రాసింది. ఏది ఎక్కడి నుంచి వచ్చిందో, ఏ తలుపుకి మామూలుగా తాళం ఉంటుందో, ఎందుకుంటుందో. ఇన్నాళ్లూ వీటిని తెప్పించినదాన్ని నేనే అని కూడా ఆఖర్న రాసింది.

శశిభూషణ్ గారు ఆ కాగితం రెండుసార్లు చదివారు. "మీవాళ్ల మీదే రాశారేంటమ్మా?" అన్నారు.

"పక్క ఆసుపత్రిలో పిల్లల గది గోడ ఈ పూట ఖాళీగా ఉంది సార్. ముందు అవి పంపించెయ్యండి, తర్వాత ఏమైనా అడగండి" అంది సారిక. ఆయన తాతాజీని పిలిచి, వ్యానులో మనుషులకు బదులు ముందు సిలిండర్లు ఎక్కించమన్నారు. తాతాజీ సారిక వంక ఒక చూపు చూశాడు.

మర్నాడు మధ్యాహ్నం సారిక చెప్పేసింది. "అక్కా, నేనే రాశాను. అంతా రాసేశాను."

సువార్తమ్మ కేరేజీ విప్పుతోంది. చేతులు ఒక్క క్షణం ఆగాయి. తర్వాత మూత బోర్లించి, అన్నం పెట్టింది, బీరకాయ కూర వేసింది. "రాయాల్సిందేదో రాసుంటావులే. పిల్లల గదివని నాకూ తెలుసు కదే, నేను మాత్రం తెప్పించలేదూ. తిను" అంది. సారిక తినలేక తినలేక తింటూ ఏడ్చింది. "ఉప్పెక్కువైపోతుంది, ఏడుపాపు" అంది సువార్తమ్మ. ఆ రోజు సారికకు లోకం మీద ఎంత ప్రేమ కలిగిందంటే, ఉద్యోగం రాకపోయినా ఫర్వాలేదనిపించింది.

ఉద్యోగం వచ్చింది. సువార్తమ్మకు మెమో వచ్చింది. రిటైర్మెంటు ముందు రావాల్సిన ఇంక్రిమెంటు ఆగిపోయింది. ఇవి రెండూ ఒకే వారంలో వచ్చాయి. మెమో వెనక్కి తీసుకోమని సారిక శశిభూషణ్ గారిని అడిగింది. "నిబంధనలు మీకు తెలియనివా?" అన్నారాయన, మర్యాదగానే. ఒకటి మాత్రం జరిగింది. ఆ గొడవ పైకి వెళ్లి, ఏ ఆసుపత్రి సిలిండర్లు ఆ ఆసుపత్రికే కొత్తవి వచ్చాయి. తిరుగుడు సామానులో పెద్ద సామాను తిరగడం మానేసింది.

మార్చి నెలాఖరు వచ్చింది, వెళ్లింది, సారిక ఉద్యోగం పోలేదు. ఆ రోజు సంతకం పెడుతుంటే చేతికి కొత్తగా అనిపించింది. డేనియల్ జీళ్లు కొనుక్కొచ్చాడు. ఆ తర్వాత కొద్దిరోజులకే ఇన్‌స్పెక్షన్‌కి పాత ఆసుపత్రి ఆమె వంతుకి వచ్చింది. ముందుగా చెప్పకూడదు గనక చెప్పలేదు.

చెప్పకపోయినా గుమ్మం దగ్గర సువార్తమ్మ ఉంది. ఇస్త్రీ చేసిన తెల్లచీర కట్టింది. నొప్పుల మోకాళ్లతో వంగి, రెండు చేతులూ జోడించింది. "రండి మేడమ్ గారూ" అంది.

సారిక వేళాకోళం అనుకుని నవ్వబోయింది. ఆ మొహంలో వేళాకోళం లేదు.

"ఏంటక్కా ఇది?"

"దయచేయండి. అన్నీ రెడీగా ఉన్నాయండి. ముందు ఏ వార్డు చూస్తారండీ?"

చూసింది. వరండాలో కొత్త సిలిండర్లు మొహం ఇటు తిప్పుకుని ఉన్నాయి, వాటి మీద ఈ ఊరి పేరే ఉంది. కాన్పుల గది వెనక తలుపుకి తాళం లేదు. అక్కడొక కుక్క పడుకుని ఉంటే సువార్తమ్మ అదిలించింది.

"తాళం లేకపోతే ఇవి లోపలికొస్తాయి కదక్కా" అంది సారిక.

"వస్తాయండి."

"మరి ఏం చేస్తున్నారు?"

"కాపలా కూర్చుంటున్నామండి. మీరేది రాస్తే అలా చేస్తామండి, మేడమ్ గారూ."

ఆ గొంతులో ఎక్కడైనా దెప్పుందేమోనని సారిక వెతికింది. కోపముంటే బాగుండునని కోరుకుంది. కోపమైతే బతిమాలుకోవచ్చు, కాళ్లు పట్టుకోవచ్చు, నాలుగు తిట్లు తిని ఊరుకోవచ్చు. ఇది గౌరవం. దీన్ని ఏం చెయ్యాలో ఆమెకు తెలియలేదు.

మధ్యాహ్నమైంది. డాక్టరుగారి గదిలో, తువ్వాలు పరిచిన కుర్చీలో ఆమెను కూర్చోబెట్టారు. పళ్లెంలో జీడిపప్పు, బిస్కెట్లు, కూల్‌డ్రింకు తెచ్చిపెట్టారు. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లకు ఏ షాపులో ఏది తెప్పించాలో ఒకప్పుడు చెప్పి పంపింది సారికే. నర్సుల గది నుంచి చింతచిగురు రొయ్యల వాసన వస్తోంది.

"అక్కా, ఇవాళ రొయ్యలా?" అంది, ఉండబట్టలేక.

సువార్తమ్మ కొంచెం కంగారు పడింది. "అయ్యో, మా కూరలు మీకెందుకండీ. కూల్‌డ్రింకు తీసుకోండి, చల్లగా ఉంది" అని, గుమ్మం దాకా వెనక్కి నడిచి, వెళ్లిపోయింది.

సారిక కూల్‌డ్రింకు తాగింది. రాయాల్సింది రాసింది. బయటికి వస్తూ నర్సుల గది ముందు నుంచి నడుస్తుంటే లోపల ఆ పెద్దగొంతు వినిపించింది. సారిక పాత కుర్చీలోకి కొత్తగా వచ్చిన కాంట్రాక్టు పిల్లతో అంటోంది. "మూత పట్టవే అమ్మాయ్. మొహం చూడు ఎలా ఉందో."

కారు తలుపు తీసి తాతాజీ నిలబడ్డాడు. "ఎక్కండి మేడమ్ గారూ. రేపెక్కడికండీ?"

సారిక అతని వంక చూసింది. అతను నేల చూపులు చూశాడు. "పొద్దున్న చెప్తాలే తాతాజీ" అంది.

కారు కాలవగట్టు మీదుగా కొవ్వూరు వైపు తిరిగింది. డేనియల్ కట్టిచ్చిన కేరేజీ సీటు మీద అలాగే ఉంది. దాన్ని ఒళ్లో పెట్టుకుంది, చాలా ఆకలిగా కూడా ఉంది, కానీ మూత తియ్యబుద్ధి కాలేదు.